పొడి పని

నిత్యానందం తవుడు బస్తాను మోకాలితో నొక్కిపట్టి మూతి కుట్టు లాగేశాడు. లోపల తవుడు గడ్డలు కట్టి, బూడిదరంగు బూజు పట్టి ఉంది. మొన్నటి తుఫానుకి షెడ్డు కప్పు కారి వరసంతా తడిసింది. ఆ గడ్డల్ని చేత్తో నలిపి, నూనె తీసిన చెక్కపొడి కలిపి, బెజ్జాలున్న సంచుల్లోకి ఎత్తాలి. చెరువులో వెదురు కర్రలకు కడితే చేపలు ఆ బెజ్జాల్లోంచి పొడుచుకు తింటాయి. పడవ మీద తిరిగి సంచులు కట్టే పని మొన్నటిదాకా అతనిదే. ఇప్పుడు పడవ నెట్టే గెడ రాంబాబు చేతికి వెళ్లింది.

"ఏరా నిత్యం, నీడపట్టున ఉజ్జోగం! రాజుగారు అల్లుడి మర్యాద చేస్తున్నారే," అన్నాడు రాంబాబు, సంచులు భుజానికెత్తుకుంటూ.

"నోర్మూసుకుని పట్టుకెళ్లు. నిన్న నువ్వు కట్టినవి జారి మునిగిపోయాయి. చూళ్లేదనుకున్నావా?"

నలిపే కొద్దీ దుమ్ము లేచింది. గొంతు గరగరలాడింది. కోపంతో ఇంకా గట్టిగా నలిపాడు.

పుట్టిన దగ్గర్నుంచీ అతనికి కురుపులే. చంకలో, మెడమీద, ఒకసారైతే కాలేయంలోనే చీముగడ్డ. అన్న చిన్నతనంలో అలాగే పోయాడు. తల్లి కనకరత్నానికి శుభ్రం లేదని కలిదిండిలో అందరూ అన్నారు. ఆమె వేపాకు నీళ్లు కాచి పోసేది, దుప్పట్లు ఉడకబెట్టేది. అయినా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరూ తాగే ద్రాక్షరసం గిన్నె అతనికి ఆఖర్న వచ్చేది.

కిందటి నెల ఏలూరులో ఒక కుర్ర డాక్టరు రక్తం హైదరాబాదు పంపించి, పుట్టుకతో వచ్చిన లోపమన్నాడు. తెల్లకణాలు క్రిమి దగ్గరికి పోతాయి, మింగుతాయి, చంపడం మాత్రం వాటికి చేతకాదు. నిత్యానందానికి వెంటనే అర్థమైంది. కొంగ మింగిన చేప చావకుండా దాని కడుపులోనే ఈదుతుంటే ఎలా ఉంటుందో అలాగ. "ఇది తల్లి నుంచి వస్తుంది" అని డాక్టరు అన్నప్పుడు కనకరత్నం తల దించుకుంది. అతనికి డాక్టరు మీదా కోపమొచ్చింది. ఒక నింద పోయిందనుకుంటే ఇంకోటి తగిలించాడు.

రోజూ మాత్ర వేసుకోమన్నాడు, మురికికి దూరంగా ఉండమన్నాడు. మురికంటే ఈ ఊళ్లో చెరువు బురదే. తవుడు మురికెలా అవుతుంది? గేదె తింటుంది, చేప తింటుంది. కనకరత్నం వెళ్లి చెరువుల యజమాని అబ్బాయిరాజును బతిమాలింది. ఆయన మంచి మనిషి. వెంటనే షెడ్డులోకి మార్చాడు.

మధ్యాహ్నం ఆయన షెడ్డు ముందు బండి ఆపాడు.

"ఏరా, పొడి పని సుఖంగా ఉందా?"

"నన్ను పడవ మీదికి పంపండి రాజుగారండీ. ఇక్కడ ఊపిరాడట్లేదు."

"నీళ్లలో దింపితే మీ అమ్మకి నేనేం చెప్పనురా? తలుపేసుకుని చేసుకో. తడిగాలి తగలదు."

"ఆయ్," అన్నాడు నిత్యానందం. తలుపు విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా ఈడ్చి వేశాడు. సాయంత్రానికి ఒక్క గడ్డ మిగల్చలేదు. ఇంటికి వెళ్తూ ఆయాసమొచ్చి కాలవ గట్టు మీద కూలబడ్డాడు.

ఆ వారంలోనే జ్వరం ముదిరి ఏలూరు తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లబడి ఉన్నాయి.

"ఏం పని చేస్తున్నాడమ్మా?" అన్నాడు అదే డాక్టరు.

"నీళ్ల జోలికే పోనివ్వట్లేదండీ. పొడి పనే. షెడ్డులో తవుడు నలుపుతాడు."

"బూజు పట్టిందా? ఆ దుమ్ము ఇతనికి విషం! ఎవరమ్మా అక్కడ పెట్టింది?"

"నేనేనండీ," అంది కనకరత్నం. మరుక్షణమే ఆమె గొంతు వార్డంతా వినిపించింది. "మురికికి దూరమన్నారు మీరు. బూజు అని చెప్పారా? తవుడు అని ఒక్క మాట చెప్పారా బాబూ?"



ఆదివారం పొద్దున, కాఫీ అమ్మే మనిషి వరండాలో కేకలేస్తుండగా, నిత్యానందం పోయాడు.

షెడ్డు తలుపు పక్కన అతని రబ్బరు చెప్పులు అలాగే ఉన్నాయి. పొడి పనికని తల్లి కొత్తగా కొనిపెట్టినవి. వాటి మీద ఒక్క బురద మరక లేదు.