ఈ పుట రాస్తున్నారు, ఆగండి

మౌసును బోర్లించి, అడుగునున్న బిళ్ళ తిప్పి, లోపలి రబ్బరు గుండును అరచేతిలోకి రాల్చుకున్నాడు నందీశ్. గుండు దొర్లే చోట సన్నటి కడ్డీలకు నల్లని జిడ్డు దారప్పోగులా చుట్టుకుని ఉంది. దాన్ని చిటికెనవేలి గోటితో గీరి తీశాడు. ఆ పనికోసమే ఆ ఒక్క గోరూ పెంచుతున్నాడని అతని భార్య సుమ వేళాకోళం చేస్తుంది. తర్వాత కీబోర్డును తలకిందులు చేసి తట్టాడు. బొరుగులు, వక్కపొడి, ఎవరిదో అంగీ గుండీ రాలి బల్లమీద పడ్డాయి. చిక్కబళ్ళాపురంలోని పట్టురైతుల సంఘం ఆఫీసులో అతని ఉదయం రోజూ ఇలాగే మొదలవుతుంది.

ఆ రోజు మాత్రం చేతులు పనిలో ఉన్నా చెవులు మోడెం మీదే ఉన్నాయి. అది కీచుమని అరిచి, గరగరమని దగ్గి, చివరికి లైను కలుపుకుంది. ఉత్తరాల పెట్టె తెరుచుకునేదాకా నందీశ్ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

అతనికి ముప్పై దాటి కొన్నేళ్ళయింది. సన్నటి మనిషి. తెరలోకి తొంగిచూసి తొంగిచూసి మెడ కొంచెం ముందుకు సాగింది. దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టాడు. నడింట్లో తట్టల నిండా పురుగులు, వాటి పక్కనే చాపమీద పిల్లలు. పురుగులు ఆకు కొరికే చప్పుడు సన్నతుంపర పడినట్టు వినబడుతుంటే నిద్రపోయేవాడు. పీయూసీ పరీక్ష తప్పాక ఏంచేయాలో తోచక చిక్కబళ్ళాపురంలో కంప్యూటర్ నేర్చుకోవడానికి చేరాడు. తోటివాళ్ళు బెంగళూరు దారి పట్టారు. ఇతను సంఘంలో పనికి కుదిరి ఇక్కడే ఉండిపోయాడు. అడిగినవాళ్ళకు చెప్పుకోదగ్గ కారణమేదీ అతని దగ్గర లేదు.

సంఘానికొక వెబ్‌సైట్ ఉంది. పట్టుగూళ్ళ ధరలు, పురుగుకొచ్చే రోగాలు, మందులు, సభల కబుర్లు అందులో తెలుగులోనే వస్తాయి; కన్నడ సీమైనా ఇక్కడి రైతుల ఇంటిమాట తెలుగే. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కలిసి రాసి ఊరికే ఇచ్చేస్తారు. ఎవరైనా విప్పి చూడవచ్చు, బాగుచేయవచ్చు. బాగుచేసింది నచ్చితే అందరి ప్రతుల్లోనూ కలుపుతారు. ఈ సంగతి మొదటిసారి తెలిసిన నాడు నందీశ్‌కు సంబరంతో అన్నం సహించలేదు.

ఆ వెబ్‌సైట్లో రాసే అధికారం మూడు ఊళ్ళలో ముగ్గురికి ఉంది; మూడు ఆఫీసుల్లోనూ ఫోనుకొక లైను, మోడెంకొక లైను ఉన్నాయి. ఇక్కడ నందీశ్, బాగేపల్లిలో రామాంజినప్ప, చింతామణిలో అంజనమ్మ. మూడు నెలల కిందట అంజనమ్మ ఊజి ఈగ గురించి, ముగ్గురూ వాడే మొదటి పుటలోనే, పెద్దగా రాసింది. పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి దాన్ని లోపలినుంచి తొలిచే ఈగ అది. కన్నడం మీటలమీద తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ రోజులతరబడి కొట్టిన పుట. అది అలా ఎక్కిందో లేదో మాయమైపోయింది. దాని స్థానంలో బాగేపల్లి ధరలు మాత్రం మిగిలాయి. రామాంజినప్ప కావాలనే చెరిపాడని ఆమె, ఆమె రాతను తానసలు ముట్టుకోనేలేదని అతడు. ఫోన్లో ఒకరినొకరు నానామాటలూ అనుకుని మాటలు మానేశారు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి నందీశ్ చెప్పాల్సి వచ్చేది.

తప్పు ఇద్దరిదీ కాదని కనిపెట్టడానికి అతనికి వారం పట్టింది. ఒకే పుటను ఇద్దరూ ఒకేసారి తెరిస్తే, ఆఖరున ఎవరు భద్రపరిస్తే వాళ్ళదే నిలుస్తుంది. మొదటివాళ్ళది సద్దులేకుండా పోతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ ఇద్దరి సంగతీ తెలియదు. అందుకని నందీశ్ దానికొక బీగం కట్టాడు. ఒకరు పుట తెరిచి రాస్తున్నంతసేపూ రెండోవాళ్ళకు వాళ్ళ పేరు కనపడుతుంది, ఆగమని చెబుతుంది. తన అరకొర ఇంగ్లీషులో ఉత్తరం రాసి, ఆ మార్పును సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ళకు పంపాడు. అక్కడ హెల్గా అనే ఆవిడ దాన్ని పట్టుకుని వదల్లేదు. లోపలివాడు గడియ వేసుకుని పెరటిదారిన వెళ్ళిపోతే ఏంచేస్తావని అడిగింది. ఆ ప్రశ్నతో అతను చాలారోజులు కొట్టుకున్నాడు. చివరికి బయటివాళ్ళకు కూడా 'బీగం తీయి' అనే మీట పెట్టాడు. నొక్కితే లోపలివాళ్ళు రాస్తున్నది పోతుందని కింద హెచ్చరిక రాశాడు.

ఉత్తరాల పెట్టె తెరుచుకుంది. హెల్గా దగ్గరనుంచి ఒకే ఒక ఉత్తరం. కొత్త ప్రతి వెలువడింది. అందులో బీగం ఉంది. చేసినవారి పేర్లలో 'నందీశ్, చిక్కబళ్ళాపురం' అని ఉంది.

లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇంకోసారి చదివాడు. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. సుమ పనిచేసే బడికి ఫోన్ చేసి పిలిపించాడు.

"సుమా, నా బీగం వచ్చె!"

"బీగమా? ఇంటి బీగం పారేసుకొంటివా?" అందామె గాభరాగా.

"ఇంటిది కాదే! లోకానికంతా పోతాండాది. మనూరి పేరు యేసినారు."

"సాయంత్రం వచ్చేటప్పుడు మైసూరుపాకు పట్టుకొని రా," అంది సుమ. ఆ గొంతులో నవ్వు దాగలేదు.

పాత వెబ్‌సైట్‌ను పదిలంగా నకలు తీసి, కొత్త ప్రతిని ఎక్కించాడు. ఒక్కసారిగా తెరంతా తెల్లబోయింది. అతని ముఖమూ తెల్లబోయింది. ఒక ఫైలు ఎక్కించడం మరిచానని తెలుసుకుని, దాన్ని కూడా ఎక్కించాక అక్షరాలన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. ఆ మిగతా ఇద్దరికీ ఫోన్లో చెబితే సరిపోయేదే. కానీ వాళ్ళ ముఖాలు చూడాలనిపించింది. సంచి భుజాన వేసుకుని బాగేపల్లి బస్సెక్కాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దుమ్ము కిటికీల్లోంచి లోపలికి వచ్చి అందరినీ ఒకే రంగుకు తెచ్చింది. నందీశ్ తనలో తను నవ్వుకుంటుంటే పక్కనున్న ముసలాయన ఎడంగా జరిగాడు.

రామాంజినప్ప పొట్టి మనిషి. బుర్రమీసం, చెవులమీద తెల్లవెంట్రుకలు. సొంతూరు పరగోడులో సేద్యం కొడుకుకు అప్పగించి సంఘంలో గుమాస్తాగా చేరాడు. రెండు చూపుడువేళ్ళతో, కోడి గింజలు పొడిచినట్టు కొడతాడు. నందీశ్ తెరమీద రెండు కిటికీలు తెరిచి, ఒకదాంట్లో అతని పేరుతోనూ ఇంకోదాంట్లో అంజనమ్మ పేరుతోనూ ప్రవేశించి చూపించాడు. రెండోదాంట్లో పసుపుపచ్చ పట్టీమీద అక్షరాలు వెలిగాయి: 'ఈ పుటను రామాంజినప్ప రాస్తున్నారు, ఆగండి.'

రామాంజినప్ప తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు.

"అంటే నేను ఈడ రాస్తాంటే ఆయమ్మకి ఆడ కనపడతాదా?"

"కనపడతాదప్పా."

"అయితే ఆ పొద్దు నేను చెరపలేదు."

"నువ్వూ చెరపలేదు, ఆయమ్మా అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ ఒగేసారి తెరిచింటిరి."

రామాంజినప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం తీరడానికి ఇంత చిన్న సంగతి చాలా అన్నట్టు తల ఊపాడు. "ఎంతెంత మాటలు అనేస్తిమప్పా," అన్నాడు మెల్లగా. అంతలోనే చురుకు వచ్చింది. "ఆయమ్మ రాసేటప్పుడే ఫోన్లో నాకు చదివి వినిపించింటే, నేను మా పరగోడులో నలుగురికి చెప్పింటి. నోట్లోనే ఉండాది. ఈ పొద్దు నేనే మళ్ళా రాస్తా. నువ్వు చింతామణికి పోతాండావు కదా? ఆయమ్మకి ఏమీ చెప్పొద్దు. పుట తెరవమను, అంతే."

"సరేప్పా."

"నందీశా, నా పేరు చివర్న 'గారు' పెట్టేదానికి అయితాదా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎడమ భుజం రుద్దుకుంటూ రామాంజినప్ప అతన్ని గడపదాకా సాగనంపాడు.

చేలూరు మీదుగా చింతామణి వెళ్ళే బస్సు నిండా టమోటా పెట్టెలు. నందీశ్ నిలబడే ప్రయాణం చేశాడు. కాళ్ళనొప్పి తెలియలేదు. ఎక్కడో, పేరు కూడా పలకడం రాని ఊళ్ళో, ఇద్దరు గుమాస్తాలు పోట్లాడుకోబోయి ఈ పసుపు పట్టీ చూసి ఆగిపోతారు. ఆ ఊహకే ఒళ్ళు పులకరించింది.

చింతామణి ఆఫీసులో అంజనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ అతను చెప్పిన బీగం సంగతంతా విన్నది. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి పురుగుల రోగాలు చూసిన మనిషి. గట్టి గొంతు, గట్టి పట్టుదల. పుట తెరిచింది. పసుపు పట్టీ వచ్చింది.

"ఏమప్పా ఇది, నిజంగానే ఆయప్ప కూసోనుండాడా ఆడ?"

"కూసోని రాస్తాండాడమ్మా. మీకోసరమే."

అంజనమ్మ మూతి బిగించింది గానీ కళ్ళు నవ్వాయి. టీ తెప్పించింది. తాగి, మళ్ళీ తెరిచింది. పట్టీ అలాగే ఉంది. తన పని తాను చూసుకుని మళ్ళీ తెరిచింది. అలాగే ఉంది.

"ఏం రాస్తాండాడప్పా, రామాయణమా?"

నందీశ్ సిగ్గుపడుతూ 'బీగం తీయి' మీట చూపించాడు. అంజనమ్మ చేతిని మౌసు మీదనుంచి తీసేసింది. "వద్దు. ఒగసారి పోయింది చాలు. రాయనీ పాపం."

అప్పుడు ఫోన్ మోగింది. బాగేపల్లి ఆఫీసు వాచ్‌మన్ పిళ్ళప్ప. కాస్త విని అంజనమ్మ ఫోన్‌ను నందీశ్ చేతికిచ్చింది.

"రామాంజినప్పన్న నీళ్ళు తాగేదానికి లేసినాడు నందీశన్నా," అంటున్నాడు పిళ్ళప్ప. "గోడకి ఆనుకొని అట్లే కూసున్నాడు. ఆటోలో యేసుకొని పోతిమి. దావలోనే పానం పోయె. ఇంటికి తీసకపోయినారు. ఆఫీసుకు బీగం ఎయ్యాల. ఈ కంప్యూటరు ఎట్ల ఆపేది?"

"ఆపొద్దు!" నందీశ్ అరిచినంత పని చేశాడు. "పిళ్ళప్పా, ముట్టుకోవద్దు. దాంట్లో ఏముండాది?"

"నాకేం తెలుసు. ఏమో బారుగా రాసుండాడు."

రామాంజినప్ప రాసింది ఆ తెరమీద తప్ప ఇంకెక్కడా లేదు. కరెంటు పోతే అదీ ఉండదు. నందీశ్ గొంతు తగ్గించాడు. జన్మలో మౌసు ముట్టని మనిషికి దాన్ని ఎలా పట్టుకోవాలో, తెరమీది బాణం ఎలా జరుగుతుందో చెప్పాడు. బాణం పారిపోతోందని పిళ్ళప్ప, నిదానంగా జరపమని నందీశ్. అంజనమ్మ రెండుచేతులూ బల్లమీద ఆన్చి తెరనే చూస్తోంది.

"కింద పచ్చగా, రాసింది దాచే పెట్టె ఒగటి ఉండాది చూడు. దాని మీదికి వస్తివా? ఇప్పుడు వేలుతో ఒగసారి నొక్కు."

"నొక్కితి."

అంజనమ్మ పుటను మళ్ళీ తెరిచింది. పసుపు పట్టీ లేదు. పైన పెద్ద అక్షరాలతో 'ఊజి ఈగ నుంచి పురుగును కాపాడుకునే విధం – చింతామణి అంజనమ్మ గారు చెప్పినది' అని ఉంది. కింద ఆమె మాటలే, అక్కడక్కడా పరగోడు యాసతో. చివరి వాక్యం 'కిటికీకి వల కట్టినాక కింది అంచు' దగ్గర ఆగిపోయింది.

"గారు పెట్టినాడప్పా నాకు," అంది అంజనమ్మ. కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుంది. 'మార్చు' మీట నొక్కి, 'సందు లేకుండా పేడమట్టితో మెత్తాలి' అని కొట్టి భద్రపరిచింది. కొంగు సర్దుకుంది. "పద, బస్సు ఉంటాది."

పరగోడుకు వెళ్ళేముందు, దీపాలు పెట్టేవేళకు బాగేపల్లి ఆఫీసు చేరారు. పిళ్ళప్ప ఆఫీసు తలుపు తీశాడు. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. నందీశ్ దాన్ని పద్ధతి ప్రకారం ఆపాడు. గదిలో వీధిదీపం వెలుతురు మాత్రం మిగిలింది. పొట్టి మనిషికి బల్ల అందడానికి కుర్చీమీద మడిచి వేసుకున్న గోనెసంచి అలాగే ఉంది. దాని మధ్యలో అతను కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.