పై అంతస్తు లెక్కల క్లాసు

హార్లన్ హైట్స్ హైస్కూల్లో లెక్కలు రెండు అంతస్తుల్లో చెబుతారు. కింద మామూలు క్లాసులు, పైన చురుకైన పిల్లలకని పెట్టిన ఆనర్స్ క్లాసులు. బడిలో నల్లపిల్లలు, తెల్లపిల్లలు, ఆసియా పిల్లలు, స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు అందరూ కలగలిసి ఉంటారు. మెట్లెక్కేసరికి ఆ కలగలుపు పలచబడిపోతుంది, నల్లపిల్లలు ఏ ఒకరిద్దరో కనిపిస్తారు. కింద ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న వెర్లీన్ ఓక్స్‌కి అది చూస్తే ఒళ్లు మండేది. ఆవిడా నల్లమనిషే. ఈ ఊళ్లోనే పుట్టి, ఆ కింది గదుల్లోనే చదువుకుంది.

ఆ ఏడాది ఆవిడ క్లాసులోకి గిస్లేన్ వచ్చింది. అమ్మానాన్నలు హైతీ నుంచి వచ్చిన నల్లవాళ్లు. బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే ఆ పిల్ల జవాబు చెప్పేసి, కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చునేది. వెర్లీన్ ప్రిన్సిపాల్ పగానోని వదలకుండా అడిగి అడిగి, ఆమెని పైకి మార్పించింది.

"అక్కడ నాకెవరూ తెలీదు మిస్," అంది గిస్లేన్.

"తెలుస్తార్లే. లెక్కలకి నీ మొహంతో ఏం పని?"

వెర్లీన్ ఆ మాట నమ్మే అంది.

పైన పాఠం చెప్పే డన్లీవీ తెల్లాయన, మర్యాదస్తుడు, గొంతు పెంచి ఎరగడు. మొదటిరోజే, "సరైన గదికే వచ్చావా బంగారం?" అని అడిగాడు. జతలుగా కూర్చోమంటే గిస్లేన్ పక్కకి ఎవరూ వచ్చేవారు కాదు. చిన్న జవాబు చెప్పినా ఆయన మురిసిపోయి అందరిచేతా చప్పట్లు కొట్టించేవాడు. ఆ చప్పట్లకి ఆమె తల దించుకునేది.

శీతాకాలం పరీక్షలో గిస్లేన్‌కే అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. డన్లీవీ ఆమెని ఒక్కదాన్నే ఖాళీ గదిలో కూర్చోబెట్టి, వేరే ప్రశ్నలిచ్చి మళ్లీ రాయించాడు. ఈసారి ఒక్క తప్పూ లేదు. "నిన్ను చూస్తే గర్వంగా ఉంది," అన్నాడు.

సంగతి తెలిసి వెర్లీన్ ఆయన్ని స్టాఫ్‌రూమ్‌లో పట్టుకుంది.

"మళ్లీ ఎందుకు రాయించారు?"

"ఆ పిల్ల మంచికే. రేపెవరైనా అనుమానిస్తే ధైర్యంగా చెప్పొచ్చు కదా."

"ఎవరు అనుమానించారు?"

"ఎవరూ లేరు. ముందుజాగ్రత్త."

"రెండో స్థానంలో వచ్చినవాడికీ ఈ జాగ్రత్త తీసుకున్నారా?"

డన్లీవీ కాఫీ కప్పు మెల్లగా కింద పెట్టాడు. "వెర్లీన్, నేను మీ పక్షమేనండీ."

ప్రిన్సిపాల్ దగ్గరికెళ్తే, "ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క మాటా అనలేదుగా," అంది పగానో. "ఇలాంటి విషయాల్లో మనకి మంచి పేరుంది. దాన్ని మనమే చెడగొట్టుకోవద్దు."

మర్నాడు గిస్లేన్ కిందికి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నన్ను మళ్లీ ఇక్కడికి మార్చండి మిస్."

"నువ్వు దిగొస్తే వాళ్లకి కావలసింది అదే. పళ్లు బిగించుకుని కూర్చో."

"కూర్చునేది నేను. మీరు కాదు."

వెర్లీన్‌కి కోపం తన్నుకొచ్చింది. "నీ వెనక రావలసిన పిల్లలకి దారి మూసేస్తున్నావు, తెలుసా?" అనేసింది. పదిహేనేళ్ల పిల్ల మీద ఎంత బరువు వేసిందో, ఆ మొహం చూశాక తెలిసింది. సరే, మార్పిస్తానంది.

సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. "పైన లెక్కలు కష్టంగా ఉన్నాయట. దానికి అందనప్పుడు ఎందుకు పంపారు టీచర్?" గిస్లేన్ ఇంట్లో చెప్పుకున్నది అదీ. అబద్ధమని చెబితే పిల్ల పరువు పోతుంది. "పొరపాటు నాదేనమ్మా," అంది వెర్లీన్.

కింద పాత స్నేహితులు "మేడ దిగొచ్చావేం దొరసానీ?" అని వెక్కిరించారు. గిస్లేన్ వాళ్లకి బదులివ్వలేదు. ఆ తరవాత వెర్లీన్ ప్రశ్నలకీ బదులివ్వలేదు. పని ముగించి, బల్ల మీద తల వాల్చుకునేది.

వేసవి సెలవుల ముందు ఆడిటోరియంలో జిల్లా విద్యాబోర్డు సమావేశం జరిగింది. ఆనర్స్ క్లాసుల్లో నల్లపిల్లలు గతేడాదికన్నా పెరిగారని పగానో వేదిక మీద ప్రకటించింది. ఏడాది మొదట్లో చేరినవాళ్ల లెక్క అది. దిగిపోయినవాళ్లని తీసెయ్యలేదు. "దీనికి మిస్ ఓక్స్ ఎంత శ్రమపడ్డారో మీకు తెలీదు," అని చెయ్యి చాపి చూపించింది.

ముందు వరసలోంచి డన్లీవీ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిస్తే వెర్లీన్ లేచి నిలబడింది. నిజం చెబుదామని నోరు తెరిచింది. అందరూ నవ్వుతూ ఆవిడవైపే చూస్తున్నారు.

"థాంక్యూ," అని కూర్చుంది.