కట్ చెప్పని షాట్

మండవల్లి దాటి కొల్లేటి వైపు తిరిగే మట్టిరోడ్డు చివర ఒక పాత ల్యాబ్ ఉండేది. చేపల చెరువుల వాళ్ళు నీళ్ళూ మట్టీ సీసాల్లో పట్టుకెళ్ళి అక్కడ పరీక్ష చేయించుకునేవారు. సరస్సులో వేసిన చెరువుగట్లను ప్రభుత్వం కొట్టించేశాక దానికి పని లేకుండా పోయింది. సామాను ఊడదీసుకుపోగా గచ్చుబల్లలు, పగిలిన గాజుసీసాలు, ఏసీ పీకేసిన చోట గోడకి చదరంగా ఒక కంత మిగిలాయి. గట్లు పోయిన మరుసటి ఏడాది, 2007 వానల్లో, శ్యామ్ సుందర్ ఆ ల్యాబ్‌ని సినిమా తీయడానికి అడిగి పుచ్చుకున్నాడు.

శ్యామ్ సుందర్ ఏలూరులో పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఎప్పటికైనా సినిమా తీసి హాల్లో ఆడించాలన్నది అతని పిచ్చి. కథ తనే రాసుకున్నాడు. కొల్లేట్లో విషం కలుపుతున్న ఒక కంపెనీ గుట్టు బయటపెట్టాలని ముగ్గురు ఉద్యమకారులు దాని ల్యాబ్‌లోకి దూరతారు. కంపెనీ వాళ్ళు బయట గడియ పెట్టి, లోపలికి గ్యాస్ వదులుతారు. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు చచ్చిపోతారు. సినిమా పేరు ‘ఆఖరి శాంపిల్’.

ఆ ముగ్గురిలో ఒకతె కెజియా. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే ఏటా ఆమెకే పెద్ద వేషం. కెమెరా పట్టే ఏసుకుమార్ కూడా ఆ చర్చివాడే. అతను చెప్పబట్టే శ్యామ్ సుందర్ ఆమెను వచ్చి అడిగాడు. రెండో మనిషి దుర్గాసాయి, కైకలూరులో మందుల షాపులో పనిచేసే కుర్రాడు. మూడో మనిషి అబ్బాయిరాజు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పద్యనాటకాలు చూసినవాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. అరవైకి దగ్గరపడ్డా గొంతు తగ్గలేదు. కెమెరా ముందుకి రావడం మాత్రం అదే మొదటిసారి.

పగలు తీస్తున్నా కథలో రాత్రి కాబట్టి కిటికీ అద్దాలన్నిటికీ నల్లరంగు పూశారు. సందుల్లో గుడ్డలు కుక్కి, ఎత్తునున్న ఏసీ కంతకి గోనెపట్టా వేలాడదీశారు. ల్యాబ్‌కీ పక్క ఆఫీసు గదికీ మధ్య గోడలో సగం మేర మందపాటి అద్దం ఉంది. వెనకటికి ఓనరు అక్కడ కూర్చుని లోపల పని చూసుకునేవాడట. కెమెరా ఆ అద్దం అవతల పెట్టారు. ఇవతల ముగ్గురూ ఏం మాట్లాడినా అవతలికి సరిగ్గా వినబడదు. డబ్బింగులో చెప్పుకోవచ్చులెమ్మన్నాడు శ్యామ్ సుందర్.

చావు సీను తీసే రోజు పొద్దుట్నుంచీ ముసురు పట్టింది.

“ఇదంతా ఒకే షాటండీ,” అన్నాడు శ్యామ్ సుందర్, ముగ్గుర్నీ దగ్గర నిలబెట్టుకుని. “మొదట అబ్బాయిరాజు గారు పోతారు. మీరు పడిపోయాక కదలకూడదండీ, ఊపిరి కూడా కనబడకూడదు. తరవాత మీరిద్దరూ తలుపు కొడతారు, అద్దం కొడతారు, నన్ను చూసి బతిమాలతారు. గడియ నిజంగానే పెట్టిస్తున్నాను. నేను కట్ అనేదాకా ఎవరూ తియ్యరు.”

“నిజం గడియ దేనికి బాబూ?” అని నవ్వాడు అబ్బాయిరాజు. “అట్టకత్తి పట్టుకుని ఊళ్ళకూళ్ళు గెలిచినవాణ్ణి నేను.”

“అట్టకత్తి కెమెరాకి తెలిసిపోద్దండీ,” అన్నాడు శ్యామ్ సుందర్.

తలుపు పడింది. బయట గడియ పడిన చప్పుడుకి కెజియా తలుపు వైపు తిరిగి చూసింది. లైట్ల కోసం తెచ్చి పెరట్లో పెట్టిన జనరేటరు చప్పుడు, అంతసేపూ దూరంగా ఉన్నది, ఇప్పుడు గోడకి ఆనుకుని వినబడుతోంది. వాన పెరిగిందని దాన్ని వెనక వరండాలోకి, ఏసీ కంత కిందికి లాక్కొచ్చారు. ఆ సంగతి ఆమెకి తరవాతెప్పుడో తెలిసింది.

షాట్ మొదలైంది. అబ్బాయిరాజు దగ్గుతూ బల్ల పట్టుకుని ఒరిగిపోయాడు. ఒరిగినవాడు నేలమీద వెల్లకిలా పడుకుని అలాగే ఉండిపోయాడు. దుర్గాసాయి ఏడ్చాడు. కెజియా తలుపు దగ్గరికి పరిగెత్తి గుద్దింది. గదిలో పొగ వాసన. లైటు వెలుగులో సన్నటి నీలప్పొర తేలుతోంది. సీను కోసం సాంబ్రాణి ఏదన్నా వేశారు కాబోలనుకుంది. తల నొప్పి మొదలైతే, పొద్దున్న ఏమీ తినకపోవడం వల్ల అనుకుంది.

“అక్కా, నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ,” అన్నాడు దుర్గాసాయి. అది అతని డైలాగు కాదు.

“కూర్చో. కాసేపట్లో అయిపోద్దిలే.”

అతను కూర్చోలేదు. బల్ల పక్కకి వంగి వాంతి చేసుకున్నాడు. కెజియా చెవుల్లో గుండె కొట్టుకుంటోంది. అబ్బాయిరాజు పక్కన కూలబడి భుజం కదిపింది.

“బాబాయిగారూ, లెగండి. షాట్ ఆపేద్దాం.”

ఆయన లేవలేదు. ఆమె ఆయన చెయ్యి ఎత్తింది. వదిలితే గచ్చుమీద టప్పున పడింది. తన దెబ్బ తను కాచుకునే మనిషి చెయ్యి అలా పడదు.

కెజియా అద్దం దగ్గరికి పాకినట్టుగా వెళ్ళింది. అవతల చీకట్లో కెమెరా ఎర్రదీపం, దాని పక్కన శ్యామ్ సుందర్ మొహం. రెండు చేతులతో అద్దం బాదింది.

“శ్యామ్ గారూ, తలుపు తియ్యండి! నిజంగానేనండీ! రాజుగారు లెగట్లేదండీ!”

శ్యామ్ సుందర్ బొటనవేలు ఎత్తి చూపించాడు. అతని మొహం వెలిగిపోతోంది.

ఆమె స్టూలు ఎత్తి అద్దాన్ని కొట్టింది. స్టూలు చేతిలోంచి జారిపోయింది గాని అద్దానికి గీత కూడా పడలేదు. తలుపు దగ్గర అరిచింది. తలుపవతల వాన చప్పుడు, జనరేటరు చప్పుడు. అప్పుడు ఆమెకి అర్థమైంది. తను అరవాలని కథలో ఉంది. బతిమాలాలని ఉంది. స్టూలుతో అద్దం కొట్టాలని కూడా ఉంది. తను చచ్చిపోయినా అది కథలో ఉన్నదే. ఏం చేసినా అవతలి మనిషికి అది నటనే.

దుర్గాసాయి గోడకి జారబడి కళ్ళు మూసేశాడు.

గచ్చుబల్ల కింద, కిటికీలకి పూయగా మిగిలిన నల్లరంగు డబ్బా ఉంది. మూత సగమే మూసుంది. కెజియా దాన్ని లాగింది. లేచి నిలబడడానికి బల్ల పట్టుకుని రెండు సార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నిలబడి, కెమెరా ఎదురుగా, డబ్బా మొత్తం అద్దం మీద కుమ్మరించింది. అరచేతులతో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పులిమేసింది. ఎర్రదీపం కనబడకుండా పోయింది.

“కట్! కట్! ఏంటండీ ఇది! షాటంతా పాడుచేశారు!”

కేక తలుపు దగ్గరికి వచ్చింది, గడియ ఊడింది. శ్యామ్ సుందర్ కోపంగా తలుపు తోసుకుని వచ్చి, రెండడుగులు వేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అబ్బాయిరాజునీ దుర్గాసాయినీ మోసుకొచ్చి వాన్లో పడుకోబెట్టారు. కెజియా తనే నడిచి వచ్చి బురదలో కూలబడింది. వ్యాన్లో కైకలూరు, అక్కణ్ణించి ఏలూరు పెద్దాసుపత్రి. జనరేటరు పొగ లోపలికి పట్టేసిందని, ఇంకొంచెం ఆలస్యమైతే ముగ్గురూ దక్కేవారు కాదని డాక్టరు చెప్పాడు.

దుర్గాసాయి వారంలో తేరుకున్నాడు. అబ్బాయిరాజు బతికాడు గాని మునుపటి మనిషి కాలేదు. కెజియా ఆయన్ని చూడ్డానికి తాడేపల్లిగూడెం వెళితే ఆయన భార్య రాజ్యం కాఫీ ఇచ్చి, లోపలి గదివైపు చూపించి గొంతు తగ్గించింది.

“పొద్దున్నే పద్యం ఎత్తుకుంటారమ్మా. రెండో పాదం దగ్గర ఆగిపోతారు. మళ్ళీ మొదట్నించీ ఎత్తుకుంటారు. మళ్ళీ అక్కడే.”

శ్యామ్ సుందర్ ముగ్గురి ఇళ్ళకీ వచ్చాడు. అందరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేశాడు. “నాకు తెలియదండీ. తెలిస్తే ఒక్క క్షణం ఆగుతానా చెప్పండి,” అన్నాడు. కెజియా నమ్మింది. అద్దం అవతలికి వినబడదన్నది ఆమెకీ తెలుసు. అందుకే నాలుగు నెలల తరవాత డబ్బింగుకి రమ్మంటే మొదట కాదన్నా, చివరికి అబ్బాయిరాజే అడిగేసరికి ఒప్పుకుంది.

“వెళ్దామమ్మా,” అన్నాడాయన. “నేనెలా చేశానో నాకు జ్ఞాపకం లేదు. చూసుకుంటాను.”

విజయవాడలో ఒక మేడమీద డబ్బింగ్ గది. అబ్బాయిరాజు బయట బెంచీ మీద కూర్చున్నాడు. కెజియా మైకు ముందు నిలబడి చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. తెరమీద తను. నోరు తెరిచి అద్దం బాదుతోంది. తన కేక ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు సన్నగా ఉంది. కెమెరా మైకు అద్దం అవతల ఉంది కదా. దానికి దగ్గరగా ఉన్న గొంతులు మాత్రం స్పష్టంగా వినబడ్డాయి.

“అన్నయ్యా, లోపల పొగ నిండిపోతోందండీ.” ఏసుకుమార్ గొంతు.

“తెలుస్తోందిరా. వెలుగులో ఎంత బాగా పట్టిందో చూడు.”

“రాజుగారి పొట్ట కదలట్లేదన్నయ్యా. కెజియక్క ఆయన చెయ్యి ఎత్తితే ఎలా పడిందో చూశారా? అది యాక్షన్ కాదండీ.”

తరవాత శ్యామ్ సుందర్ గొంతు, నెమ్మదిగా:

“చూశాను. నువ్వు కెమెరా ఆపకు. ఇంకొంచెం రానీ.”

కెజియా హెడ్‌ఫోన్స్ తీసేసింది. వెనక సోఫాలో కూర్చున్న శ్యామ్ సుందర్ వైపు తిరిగింది. ఎడిటింగులో ఆ మాటలు అతను ఎన్నిసార్లు విని ఉంటాడో.

“ఆ పాత సౌండు తీసేస్తామండీ,” అన్నాడతను. “జనానికి వినబడదు. మీ కేక ఒక్కటి పడితే చాలండీ.”

ఆమె తలుపు తీసి అబ్బాయిరాజుని పిలిచింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. శ్యామ్ సుందర్ లేచాడు. “ఆయనకెందుకండీ ఇప్పుడు…” అంటూనే ఉన్నాడు. కెజియా హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి పెట్టి, “మళ్ళీ వెయ్యండి,” అంది. సౌండు ఇంజనీరు ఇద్దరి మొహాలూ చూసి, తల దించుకుని వేశాడు.

అబ్బాయిరాజు తెరమీద పడి ఉన్న తనని తను చూసుకున్నాడు. విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి శ్యామ్ సుందర్ వైపు తిరిగాడు.

“లోపలికొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాల్సింది బాబూ,” అన్నాడు. “షాట్ మళ్ళీ చేసి పెట్టేవాణ్ణి కదా.”

కెజియా ఆయన్ని తీసుకుని మెట్లు దిగింది.

వారం తిరక్కుండా ఆ పాత సౌండు చెరిపేశారని తెలిసింది. కెజియా గొంతు వేరే ఎవరో అమ్మాయి చెప్పింది. వేసవిలో సినిమా తాడేపల్లిగూడెంలోనూ ఏలూరులోనూ వచ్చింది. రంగు పులిమేదాకా ఉన్న షాట్ అంతా ఉంచారు. అబ్బాయిరాజు చావు చూసి జనం ఈలలు వేశారని, ముసలాయన భలే చేశాడని అందరూ అనుకుంటున్నారని స్కూల్లో పిల్లలు వచ్చి చెప్పారు. కెజియా ఆ రోజు పాఠం చెప్పలేకపోయింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఏసుకుమార్ కెజియా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. డబ్బింగ్ రోజు తరవాత చర్చిలో ఆమె కంట పడకుండా వెనక తలుపు దగ్గర కూర్చుంటున్నాడు.

“పోలీసులకి నేను చెబుతానండీ అక్కా,” అన్నాడు. “ఆయనేమన్నాడో, నేనేమన్నానో. కెమెరా ఆపనిది మాత్రం నేనేనండీ. అదీ చెబుతాను.”

ఆమె లోపలికి రమ్మనలేదు. చెప్పులు తొడుక్కుని, తలుపు దగ్గరగా వేసి, అతని వెంట బస్టాండుకి నడిచింది. బస్సు కొల్లేరు దాటింది. కైకలూరులో దిగి మండవల్లి బస్సు కోసం నిలబడ్డారు. అతనికి చెమటలు పట్టేశాయి.

“అక్కా, ఆయన ఊరుకోడండీ. నాకింక ఎవరూ పనివ్వరు. వెనక్కి పోదామాండీ?”

“నువ్వు వెళ్తే వెళ్ళు,” అంది కెజియా. “నేను మాత్రం మండవల్లి స్టేషనుకెళ్ళే ఇంటికొస్తాను.”

మండవల్లి బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు రైట్ అనేదాకా ఏసుకుమార్ కిందే నిలబడ్డాడు. బస్సు కదిలాక పరిగెత్తి ఎక్కాడు.