ఫ్రెంచి హోటల్లో పెరుగన్నం

హుద్‌హుద్ గాలివానకి మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ మీది రేకులు ఎగిరిపోయాయి. ఎగిరిపోయినవి మళ్ళీ కొనుక్కోవాలి కదా. రాజాంలో సిమెంటూ రేకులూ అమ్మే మా కొట్టుకి ఆ ఏడాది వచ్చినంత బేరం ఎప్పుడూ రాలేదు. ఊళ్ళో వాళ్ళ కష్టం మాకు కలిసొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే గాని నిజం. కంపెనీ వాళ్ళు సంతోషించి, మరుసటి ఏడు బాగా అమ్మిన డీలర్లని భార్యలతో సహా కరేబియన్ సముద్రంలో సెయింట్ మార్టిన్ అనే దీవికి తీసుకెళ్తామన్నారు. సగం ఫ్రెంచివాళ్ళది, సగం డచ్చివాళ్ళదట. వారం రోజులు, రోజుకో యూరప్ హోటల్లో భోజనం, ఖర్చంతా కంపెనీదే.

మా వారు సీతారామారావు గారు విమానం గురించి మాట్లాడారు, సముద్రం గురించి మాట్లాడారు. నాకు చెవిన పడింది ఆ భోజనం మాటొక్కటే. తిండి మీద మోజు అనుకునేరు. మాది నీచు ముట్టని ఇల్లు, ఉల్లిపాయ కూడా ఏకాదశి నాడు గడప దాటి రాదు. నాకు మోజు కూర్చోవడం మీద. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ వండడం, వడ్డించడం, అందరూ లేచాక మిగిలింది తినడం. కొట్లో కుర్రాళ్ళకీ, బస్సు దిగిన బంధువులకీ, సిమెంటు లారీ డ్రైవరుకీ కూడా నా చేతి అన్నమే. వాళ్ళందరి కడుపులూ చల్లగా ఉండాలి, కాదనను. కానీ ఒక్కపూట కుర్చీలో కూర్చుంటే ఇంకెవరో వండి తెచ్చి నా ముందు పెట్టాలని, అది నేను లేవకుండా తినాలని నాకు కోరిక. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

అయితే పెట్టె సర్దుకునేటప్పుడు కరెంటు కుక్కర్ పెట్టింది నేనే. బియ్యం, కందిపప్పు, పోపుగింజలు, ఇంగువ, కందిపొడి, నువ్వుపొడి, మాగాయ, సీసాడు నెయ్యి, చారుపొడి అన్నీ నేనే పెట్టాను. "ఆ దేశంలో మనకేటి దొరుకుతాది? ఎందుకైనా మంచిది, ఉండనీ" అన్నారు మా వారు. సరే కదా అని పెట్టాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

మొదటిరోజు రాత్రి ఇటలీ వాళ్ళ హోటల్‌కి తీసుకెళ్ళారు. సముద్రం ఒడ్డునే బల్లలు, వాటి మీద తెల్లటి గుడ్డలు, గాజు బుడ్డిలో దీపం. నేను చీర సర్దుకుని కూర్చున్నాను. పక్కబల్ల మీద ఒకాయనకి పళ్ళెంలో ఏదో కాళ్ళూ చేతులూ ఉన్న జీవాన్ని తెచ్చి పెట్టారు. మా వారు దాన్ని చూశారు. తరవాత వంటగది తలుపు వైపు చూశారు.

"ఆ గరిటితోనే మనకీ పెడతారు" అన్నారు లేస్తూ. "పద."

మాతో వచ్చిన బొబ్బిలి డీలరు నరసింగరావూ నీచు ముట్టడు, అతనూ లేచాడు. అతని భార్య మోకాళ్ళ నొప్పితో రాలేదు. అతను నన్ను అక్కా అని పిలుస్తాడు, మా వారిని బావా అంటాడు. వరస లేదు, వ్యాపారం వరసే. "అక్కా, నువ్వు కుక్కర్ తెచ్చేవంట కదా, బావ సెప్పేడు" అన్నాడు దారిలోనే. నాకు అక్కడే నీరసం వచ్చింది.

ఆ రాత్రి స్నానాలగదిలో, అద్దం దగ్గరున్న ప్లగ్గులో కుక్కర్ పెట్టి అన్నం వండాను. వేడన్నంలో పొడీ నెయ్యీ కలిపి ఇద్దరూ మంచం మీద కూర్చుని తిన్నారు. మర్నాడు పప్పు చేసి, పోపు లేకపోతే ఎలాగని అదే గిన్నెలో ఆవాలు చిటపటలాడించాను. ఆ పొగకి గది నెత్తి మీద ఎక్కడో గంట మోగింది. మోగడమంటే మామూలు మోగుడు కాదు, హోటలంతా అదిరింది. మా వారు వేడి కుక్కర్‌ని తువ్వాల్లో చుట్టి బీరువాలో దాచారు. హోటల్ వాళ్ళు పరిగెత్తుకొచ్చి గదంతా వాసన చూశారు. బీరువా సందుల్లోంచి ఇంగువ వాసన వస్తోంది. నరసింగరావు రెండు చేతులూ జోడించి, "గాడ్, గాడ్, పూజ" అన్నాడు. వాళ్ళు ఏమనుకున్నారో, కిటికీ తెరిచి వెళ్ళిపోయారు. తరవాత ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను గాని, బీరువాలో ఒలికిన పప్పు తుడిచింది మాత్రం నేనే.

అక్కణ్ణించి పోపు మానేశాను, వంట మానలేదు. పొద్దున ఫలహారం దగ్గర పెరుగు కప్పులు సంచిలో వేసుకోవడం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. నరసింగరావు చెప్పగా విని కర్నూలు డీలరు ఒకాయన కూడా కంచం పట్టుకుని వచ్చాడు. కుక్కర్ చిన్నది, మూడు వాయిలు పెట్టాల్సి వచ్చేది. అందరూ సముద్రస్నానానికి పోతే నేను మొదటి వాయి దించి రెండో వాయి పడేసేదాన్ని. ఊరు మారింది గాని నా బతుకు మారలేదు.

సాయంత్రాలు వరండాలో నిలబడితే కింద హోటళ్ళు కనిపించేవి. ఒకరోజు స్పెయిన్ వాళ్ళది, ఒకరోజు డచ్చివాళ్ళది. మా పేర్లు రాసిన అట్టముక్కలు బల్లల మీద పెట్టి ఉండేవి, కుర్చీలు ఖాళీ. మిగతా బల్లల దగ్గర నా వయసు ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉండేవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు కుళ్ళు పుట్టేది. ఏం పుణ్యం చేశారో అనుకునేదాన్ని. ఈలోపు వెనక కుక్కర్ టక్కుమనేది.

ఒకరోజు మా వారితో అననే అన్నాను. "ఒక్కపూట మనమూ వెళ్దామండీ. రొట్టే వెన్నా అయినా తినొచ్చు."

"ఇంత కమ్మగా పెడతన్నావు, ఆ గడ్డీ గాదం ఎవడు తింటాడే?" అన్నారు. మెచ్చుకోలే అది. వెళ్ళి రెండో వాయికి బియ్యం కడిగాను.

చివరి రోజు రాత్రి మాత్రం తప్పలేదు. ఫ్రెంచివాళ్ళ హోటల్లో కంపెనీ విందు, ఎక్కువ అమ్మిన వాళ్ళకి శాలువాలు. కంపెనీ తరఫున వచ్చిన ఆనంద్‌కుమార్ అనే కుర్రాడు మా గదికొచ్చి, "అమ్మా, మీ ముగ్గురికీ మాంసం, చేపా, గుడ్డూ ఏవీ తగలకుండా వేరే గిన్నెల్లో చేయించాను. తప్పకుండా తినాలి" అన్నాడు. ఆ పిల్లాడు చల్లగా ఉండాలి అనుకున్నాను. పట్టుచీర కట్టుకున్నాను. మా వారు పొందూరు ఖద్దరు చొక్కా వేసుకున్నారు, పెళ్ళికొడుకులా ఉన్నారు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఎందుకైనా మంచిది, డబ్బాలో అన్నం పెట్టు. పొడీ, పెరుగూ కూడా" అన్నారు.

నెయ్యీ మాగాయా కూడా చేర్చి, డబ్బాలు సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. బల్ల దగ్గర ఒక పెద్దాయన వడ్డిస్తున్నాడు. నల్లటి మనిషి, నెరిసిన జుట్టు, తెల్ల చొక్కా. ముందు నా కుర్చీ వెనక్కి లాగి నన్ను కూర్చోబెట్టాడు. ముందు నా ముందే గిన్నె పెట్టాడు. బంగాళాదుంపలు పల్చగా చక్రాల్లా కోసి, పాలూ వెన్నా పోసి, పైన ఎర్రగా మాడేలా కాల్చారు. ఆవిరి నా మొహానికి తగిలింది. ఇంకా చెంచా పట్టుకున్నానో లేదో.

"సప్పగా ఉన్నాదే ఇది" అన్నారు మా వారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని. "డబ్బా తియ్యి."

తీశాను. లేచి ఆయన పళ్ళెంలో అన్నం పెట్టాను, పొడి వేశాను, నెయ్యి వేశాను. "అక్కా, నాకూ రెండు ముద్దలు" అన్నాడు నరసింగరావు. అటువైపు వెళ్ళి అతనికీ పెట్టాను. అవతలి బల్ల నుంచి కర్నూలు ఆయన చెయ్యెత్తాడు. అటూ వెళ్ళాను. మాగాయ అడిగారు, ఇంకాస్త అన్నం అడిగారు. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ ఫ్రెంచి హోటల్లో పంక్తి వడ్డన చేశాను. అక్కడి ఆడవాళ్ళు తినడం ఆపి నన్ను చూశారు.

తిరిగొచ్చి కూర్చునేసరికి నా గిన్నె చల్లారిపోయింది. పైన వెన్న తెల్లగా పేరుకుంది. సరేలే, నాకు అలవాటేగా అనుకుని చెంచా తీసుకున్నాను. అప్పుడు ఆ పెద్దాయన వచ్చి వంగి, వేలి వెనకతో నా గిన్నె అంచు తాకి చూశాడు. నాకు తెలియని భాషలో ఏదో అని, గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆలస్యం చేశానని తీసేశాడనుకున్నాను. నా ముందు ఉత్త గుడ్డ మిగిలింది. ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కొంగుతో మొహం తుడుచుకున్నాను. వారం రోజులు కాచుకుంటే, దక్కేది కూడా నా చేతులారా చల్లార్చి పోగొట్టుకున్నానే అనిపించింది.

కాసేపటికి ఆయన మళ్ళీ వచ్చాడు. గిన్నె చుట్టూ గుడ్డ పట్టుకుని తెచ్చి నా ముందు పెట్టాడు. అంచుల్లో పాలు ఇంకా కుతకుతలాడుతున్నాయి. వేడి, జాగ్రత్త అన్నట్టు అరచెయ్యి చూపించి వెళ్ళాడు.

తిన్నాను. నాలుక కాలింది. అన్నం తింటూ నాలుక కాల్చుకుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. నా కంచం చల్లారిందని మా అమ్మ పోయాక కనిపెట్టిన మనిషి ఆయనొక్కడే. రుచి చప్పనే, మా వారు అన్నది అబద్ధం కాదు. అయినా ఊదుకుంటూ ఒక్కో ముక్కా తిన్నాను.

"పెరుగు?" అన్నారు మా వారు.

"సంచిలో ఉన్నాది. నేను తింటన్నాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నరసింగరావు నవ్వబోయి, మా వారి మొహం చూసి ఊరుకున్నాడు. సంచి ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. ఆయన వంగలేదు. పెరుగు లేకుండానే చెయ్యి కడుక్కున్నారు. విమానం ఎక్కాక ఎప్పటికో, "ఆ ముసలాయన నీ గిన్ని ఎందుకు పట్టుకుపోనాడు?" అని అడిగారు.

"సల్లారిపోనాదని."

ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నారు.

రాజాం వచ్చాక వారం రోజులు కొట్టు దగ్గర తిరునాళ్ళే. వచ్చినవాళ్ళందరికీ మా వారు ఇటలీ హోటలూ స్పెయిన్ హోటలూ అక్కడి వంటకాల పేర్లూ వర్ణించారు. ఒక్కటీ తిన్న మనిషి కాదు. కొట్టు పైన మేడ మీదే మా ఇల్లు. నేను అక్కణ్ణించి వింటూ, వినడానికి వచ్చిన వాళ్ళకి ఉప్మాలు చేసి కిందికి పంపాను. ఒళ్ళు హూనమైపోయింది. పక్కింటి అనూరాధ వచ్చి, "అదృష్టవంతురాలివి అక్కా, వారం రోజులు కాలు మీద కాలేసుకు తిన్నావు" అంది. అవునమ్మా అన్నాను. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

జనం రావడం తగ్గాక ఒక మధ్యాహ్నం, మా వారికి వడ్డించాను. ఆయన తిని, మామూలుగా ముందుగదిలో నడుం వాల్చారు. నేను కొట్లో కుర్రాళ్ళకి కేరేజీ సర్ది పంపి, గట్టు తుడిచి, అప్పుడు కంచం పెట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు మరిచిపోయారేమో, వంటింట్లోకి వచ్చారు. తీసుకుని వెళ్ళబోతూ ఆగారు. నా కంచం వైపు చూశారు. వంగి, వేలితో చారు గిన్నె తాకారు.

"సల్లారిపోనాదే" అన్నారు.

"రోజూ అంతే ఉంటాది."

"ఎచ్చబెట్టుకోవచ్చు కదా?"

నాకు కోపం కూడా రాలేదు. అలసిపోయి ఉన్నాను. "మీరు పెట్టండి" అన్నాను.

ఇక వెళ్ళిపోతారనుకున్నాను. కళ్ళజోడు జేబులో పెట్టుకుని, రెండు చేతుల్తో చారు గిన్నె ఎత్తి, ఒలక్కుండా పొయ్యి దాకా మోసుకెళ్ళారు. దాన్ని పొయ్యి మీద పెట్టి అటూ ఇటూ వెతికారు. మా పెళ్ళినాటి నుంచి ఆ వంటింటి అన్నం తింటున్న మనిషి.

"లైటరు ఎక్కడుంటాది?" అన్నారు.

"మీ ఎదురుగానే, మేకుకి" అన్నాను. లేవలేదు.