ఊరికే తోడొచ్చింది

గడ్డం గీసేటప్పుడు షఫీ కళ్లు మూసుకుంటాడు. మొగుడి దవడ ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో బ్లేడు నడపడం నేనేమీ పుట్టింట్లో నేర్చుకుని రాలేదు. మెడికల్ బోర్డుకు పోయే రోజు పొద్దున రెండుసార్లు గీయించుకున్నాడు. తర్వాత స్నానం, పౌడరు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, బెల్టు. నేను గుండీలు పెడుతుంటే, "కాలరు సరిగ్గా ఉండాదా చూడు. ఆడ అంతా పెద్ద పెద్ద డాక్టర్లుంటారు," అన్నాడు. ఏళ్ల తరబడి ఫైర్ స్టేషన్‌లో పొద్దున్నే వరసలో నిలబడిన మనిషి. ఒంట్లో సత్తువ పోయినా ఆ అలవాటు పోలేదు.

ధర్మవరంలో పట్టునూలు గోడౌను తగలబడినప్పుడు పైకప్పు దూలం ఆయన మీద పడింది. నడుము కింద బలం పోయింది. కుడిచెయ్యి పిడికిలి పట్టదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, అంతే. అన్నం కలిపి పెట్టాలి, బాత్రూములో కడగాలి. హిందూపురంలో గార్మెంట్స్‌కు కుట్టుపనికి పోయేదాన్ని, మానేశాను. మానమని ఎవరూ చెప్పలేదు. నేను మానేస్తానని ఇంట్లో అందరికీ ముందే తెలుసు, నాకు తప్ప. ఆయన్ని ఎత్తీ దించీ నా నడుము పట్టేస్తే, "ఇంట్లో కూచోని కూచోని అట్లయితాండావు," అంటుంది అత్త బుడన్‌బీ.

సెలవులన్నీ అయిపోయి జీతం ఆగిపోయింది. డ్యూటీలో దెబ్బతిని ఇక పనిచేయలేని వాళ్లకు పెన్షన్ ఇస్తారు. ఆయనకు ఏమేం చేతకాదో బోర్డు డాక్టర్లు రాస్తేనే అది వస్తుంది. మేం బతకడానికి వేరే దారి లేదు.

"బట్టలు ఎవరు వేస్తారు?" అని అడిగాడు ఆ రోజు బోర్డులో డాక్టరు.

"నేనే సార్." షఫీ కుర్చీలో నిటారుగా, పెద్దాఫీసరు ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"స్నానం, బాత్రూము?"

"నేనే సార్. అన్నీ నేనే చేసుకుంటా."

తలుపు దగ్గర నిలబడ్డ నేను నోరు తెరిచాను. డాక్టరు నావైపు చూశాడు. నాకంటే ముందే షఫీ అందుకున్నాడు. "మా ఇంటామె సార్. ఊరికే తోడొచ్చింది."

తెరిచిన నోరు మూసుకున్నాను. నలుగురిలో మొగుడి మాట తీసేయకూడదని నాకు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు. తన పనులు తాను చేసుకోగలడు కాబట్టి పెన్షన్‌కు అర్హుడు కాడని రిపోర్టు వచ్చింది. డాక్టర్లను అనడానికి లేదు. వాళ్లు విన్నదే రాశారు.

"పెండ్లికొడుకు మాదిరి సింగారించి తీసుకపోతే పెన్షను ఎవురిస్తారు? నోటికాడ కూడు నువ్వే చెడగొడ్తివి," అంది అత్త. షఫీ గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. "అది కాదమ్మా, నేనే అట్ల చెప్పినా" అని ఒక్క ముక్క అంటాడేమోనని చూశాను. అనలేదు. బోర్డు ముందు అన్న మాట కంటే అదే నన్ను ఎక్కువ కోసింది.

మరిది సాదిక్ మళ్లీ అర్జీ పెట్టించాడు. ఇంకో బోర్డుకు పిలుపు వచ్చింది. "వదినా, ఈసారి వారం ముందునుంచే గడ్డం గీయొద్దు. మాసిన బట్టలెయ్యి. కొంచెం గలీజుగా కనపడేట్లు నువ్వే చూసుకోవాల," అన్నాడు. నవ్వొచ్చింది. శుభ్రం చేసే పనీ నాదే, గలీజు చేసే పనీ నాదేనా? గిన్నెలు తోముతూ ఆలోచించాను. వేషాలేవీ అక్కర్లేదు, నేను ఏమీ చేయకపోతే చాలు, ఆయన ఎట్లా ఉన్నాడో అట్లాగే కనపడతాడు. కానీ ఏమీ చేయకుండా ఉండాలంటే నేను ఆ ఇంట్లో ఉండకూడదు. ఉంటే నా చేతులు ఊరుకోవు. కదిరిలో అమ్మకు కంటి ఆపరేషన్ ఉంది, పోతానన్నాను.

"ఇప్పుడా? వాణ్ని ఎవురు చూస్తారు?" అంది అత్త.

"మీరంతా ఉండారు కదత్తా."

"పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయకూడదా ఆలియా," అన్నాడు షఫీ. ఆయన గొంతులో భయం నాకు తెలిసింది. తెలిసే బస్సెక్కాను.

మరుసటి రోజే సాదిక్ ఫోన్ చేశాడు. "వదినా, బాత్రూంలో అన్నను ఎట్ల లేపుతావు? జారిపోతాండాడు."

ఇంతకాలంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. "నీ మోకాలు ఆయన మోకాలికి అడ్డం పెట్టు. చంకల కింద చేతులేసి నీ మీదికి వంచుకో, అప్పుడు లేపు," అని చెప్పాను. వెనక నుంచి అత్త నడుము పట్టేసిందని మూలుగుతోంది. సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. ఆయన తిన్నాడో లేదోనని నాకే ముద్ద దిగలేదు.

బోర్డు రోజు జరిగింది కూడా సాదికే చెప్పాడు. వరండాలో కూర్చుని ఉండగానే షఫీ ప్యాంటు తడిసిపోయిందట. లోపల డాక్టరు ఎన్ని అడిగినా తల దించుకునే కూర్చున్నాడట. మంటల్లోకి పరిగెత్తిన మనిషి నలుగురిలో అట్లా కూర్చున్నాడని విని, అమ్మకు కనపడకుండా ఏడ్చాను. ఆ సిగ్గు ఆయన దగ్గరికి రాకుండా ఇన్నాళ్లూ అడ్డం నిలబడింది నేనే. ఆ సంగతి ఆయనకు అక్కడైనా తెలిసిందో లేదో.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్. అందరూ చుట్టూ ఉన్నట్టున్నారు.

"వదినా, పెన్షన్‌కు రాసినారు. ఇంగ బయం లేదు," అన్నాడు సాదిక్. "ఎప్పుడూ పక్కన ఒక మనిషుండి చూసుకోవాలని కూడా రాసినారు. ఆ మనిషికని వేరేగా దుడ్లిస్తారంట. మనకు ఆ కర్చెందుకు, అవి మిగుల్తాయి. నువ్వుండావు కదా."

"దేవుడు చూసినాడు. ఇంగ బస్సెక్కి రామ్మా," అంది అత్త. నన్ను అమ్మా అనడం ఎప్పుడూ వినలేదు.

షఫీ ఫోన్ తీసుకున్నాడు. "ఎప్పుడొస్తాండావు? నాకు చానా కష్టంగా ఉండాది."

"వస్తా," అన్నాను. "డాక్టర్లు రాసిన ఆ మనిషిని ముందు పెట్టుకోండి. ఆ మనిషి పనిలోకి వచ్చిన రోజు నేనూ వస్తా."