షాఫాను పేరు బేరం

మా మనవడు హస్తా నక్షత్రం రెండో పాదంలో పుట్టాడు. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు గుడిలో పంతులుగారు పంచాంగం చూసి "ష" అక్షరం వచ్చిందన్నారు. చాలా ఏళ్ళుగా ఇక్కడ బియ్యం, పప్పులు, మిరపకాయలు టోకున అమ్ముతున్నాను. సరుకు దొరకని కాలాలు నాకు కొత్త కాదు. అక్షరానికి కరువు రావడం మాత్రం అదే మొదటిసారి. "ష"తో మొదలయ్యే మగపిల్లవాడి పేరు షణ్ముఖ ఒక్కటే మాకు తట్టింది. ఆ పేరు మా వియ్యంకుడికి కుదరదు.

మా వియ్యంకుడు రాజారావుగారు బాపట్లలో మిషన్ హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో సంఘ పెద్ద. భార్య పోయాక కొడుకు పృథ్వీ దగ్గరికి సింగపూర్ వచ్చేశారు. పృథ్వీ వన్-నార్త్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాడు. మా అమ్మాయి తన్మయిది చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ఉద్యోగం. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. రిజిస్ట్రీలో సంతకాలు, తర్వాత చర్చిలో ప్రార్థన. అంతే. పీటల మీద కూర్చోబెట్టి కన్యాదానం చెయ్యాలన్న కోరిక తీరక, నా భార్య సరోజిని ఆ రోజే ఒక మాట అనేసింది. పుట్టబోయే బిడ్డకైనా జన్మనక్షత్రం ప్రకారం పేరు పెడితేనే కూతురి గడప తొక్కుతానని.

ఆ మాట అన్నది ఆవిడ, ఖర్చు నా ఖాతాలో పడింది. పుంగోల్‌లో ఉన్న కూతురి ఫ్లాట్‌కి పురిటి పథ్యం క్యారేజీలో పెట్టి ఆవిడ ఇస్తుంది, ఫారర్ పార్క్ స్టేషన్లో రైలెక్కి నేను మోస్తాను. ఆస్పత్రిలో ఒకసారి ఎత్తుకున్న మనవణ్ణి ఆవిడ మళ్ళీ ఎత్తుకోలేదు. ఖాళీ క్యారేజీ తెచ్చి ఇవ్వగానే మూత తీసి చూసి, "వాడి పొట్ట నిండుతోందా? ఏడుస్తున్నాడా?" అని నన్ను అడుగుతుంది. నేను చెప్పింది సరిపోదు. ఫోటో చూపిస్తే ముఖం తిప్పుకుంటుంది, కాసేపాగి మళ్ళీ ఫోన్ అడుగుతుంది.

అటు రాజారావుగారికి బైబిల్లో పేరే కావాలి. చనిపోయిన భార్య కోరిక అది. తన్మయి రెండు వైపులకూ ఒకే మాట చెప్పింది. "ఒకే పేరు నాన్నా. అమ్మమ్మ ఇంట్లో ఒకటి, తాతయ్య నోట్లో ఒకటి అంటే కుదరదు. బారసాల రోజుకి మీరు మీరు తేల్చుకోండి. లేకపోతే నేనే ఏదో ఒకటి రిజిస్టర్ చేసేస్తాను. ఎవర్నీ పిలవను."

నాకు తన్మయి సంగతి తెలుసు. అన్నదంటే చేస్తుంది. ఈ బేరం చెడితే సరోజిని పంతం అలాగే మిగిలిపోతుంది. మనవడు పెరిగి స్కూలుకు వెళ్ళే రోజుకి కూడా క్యారేజీ నేనే మోస్తుంటాను.

అందుకని సరోజినినీ రాజారావుగారినీ మా కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టాను. ఎవరింట్లో కూర్చున్నా రెండోవాళ్ళు తగ్గినట్టు అవుతుంది, కొట్టులో ఆ ఇబ్బంది లేదు. తన్మయి ఫోన్ స్పీకర్లో ఉంది.

"మీ అక్షరానికి మా దగ్గర కూడా పేర్లున్నాయి బావగారూ," అన్నారు రాజారావుగారు. "షేము ఉంది, షద్రకు ఉంది."

"షేమ్ వద్దు మావయ్యా," అంది తన్మయి ఫోన్లోంచి. "స్కూల్లో షేమ్ షేమ్ అని చంపేస్తారు."

"షద్రకు ఏమిటండీ అన్నయ్యగారూ, పంటి కింద రాయి పడ్డట్టు," అంది సరోజిని.

రాజారావుగారు నవ్వారు. "అయితే ఒకటే మిగిలింది చెల్లెమ్మా. షాఫాను."

"ఎవరాయన?"

"రాజుగారి ఆస్థానంలో లేఖరి. మన తెలుగు బైబిల్లో ఆయన్ని శాస్త్రి అనే రాశారు."

శాస్త్రి అనగానే సరోజిని కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "పండితుడన్నమాట."

నేను అడగాల్సింది నేను అడిగాను. "పని ఏం చేశాడు?"

"ఆలయం మరమ్మతులకి వసూలైన వెండి సంగతి చూసుకు రమ్మని రాజు పంపాడు. వెళ్తే, అక్కడి ప్రధాన యాజకుడు ఒక పాత గ్రంథం దొరికిందని చేతికిచ్చాడు. తెరిచి చదివితే అందులో రాజ్యానికి రాబోయే కీడంతా ఉంది. తిరిగొచ్చి ముందు వెండి పనివాళ్ళకి ముట్టిందని చెప్పాడు. తర్వాత, యాజకుడు నాకొక గ్రంథం ఇచ్చాడని చెప్పాడు. అప్పుడు రాజు ముందు దాన్ని చదివి వినిపించాడు."

"రాజు ఇతని మీద పడలేదా?"

"లేదు. దుఃఖంతో తన బట్టలే చింపుకున్నాడు."

ఆ లేఖరి నాకు నచ్చాడు. చెడ్డ కబురు మోసుకెళ్ళేవాడు చాలావరకు తలుపులోంచే అరుస్తాడు, లేదా దాచేస్తాడు. ఇతను ముందు అప్పగించిన పని లెక్క ఒప్పజెప్పాడు. తర్వాత గ్రంథం ఎవరిచ్చారో చెప్పాడు. ఆపైన ఉన్నది ఉన్నట్టు చదివాడు. సొంత మాట ఒక్కటీ కలపలేదు. అలాంటివాడు దొరికితే కొట్టు తాళాలు ఇచ్చి నేను ఊరెళ్ళిపోతాను.

"పేరుకి అర్థం?" అంది సరోజిని.

"పొట్టి కుందేలు."

"కుందేలా!" సరోజిని నవ్వేసింది. పెళ్ళి తర్వాత ఆయన ఎదుట ఆవిడ నవ్వడం అదే మొదలు. "చెవులు పట్టుకు లాగచ్చు. సరే అన్నయ్యగారూ."

బేరం కుదిరింది. ఆ సాయంత్రమే ఆవిడ టెక్కా మార్కెట్‌కి వెళ్ళి ఉయ్యాలకు కుందేళ్ళ బొమ్మల గుడ్డ కొనుక్కొచ్చింది.

రెండు రోజులకు పృథ్వీ కొట్టుకు వచ్చాడు. కౌంటర్ దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు.

"అత్తయ్యగారు లేరు కదా, మావయ్యగారూ?"

"గుడికెళ్ళింది. ఏమైంది?"

"మా ల్యాబ్‌లో ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి వచ్చినావిడ ఉంది. బాబు పేరు చెప్తే, అయ్యో, మా ఊళ్ళో రాళ్ళ మీద ఎన్ని ఉంటాయో అని ఫోటో పంపింది. వాళ్ళ భాషలో ఆ జంతువుకి ఇప్పటికీ అదే పేరట. కుందేలు కాదు."

ఫోన్ నా చేతికిచ్చాడు. గుండ్రటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, బూడిద గోధుమ రంగు బొచ్చు, లేనట్టే ఉన్న చెవులు. ఫోటో పెద్దది చేసి చూశాను. తూనికలో తేడా లేదు. అది పందికొక్కు.

పందికొక్కు అంటే మా వృత్తిలో ఏమిటో కొట్టు పెట్టనివాడికి తెలియదు. గుంటూరులో మా నాన్న గోదాముకి గచ్చు మూడుసార్లు తవ్వి పోయించాడు వాటి వల్ల. బస్తా అడుగున చిల్లు పెట్టి కందిపప్పంతా లాగేస్తే, పైనుంచి చూసేవాడికి బస్తా నిండుగానే ఉంటుంది. ఎవడైనా మరీ తెగ తింటుంటే మా ఇంట్లో ఆ పేరు పెట్టే తిడతారు. ఇప్పుడు ఆ పేరు మనవడికి పెట్టబోతున్నాం.

"అత్తయ్యగారికి చెప్పొద్దు," అన్నాడు పృథ్వీ. "కుందేలు అనే ఉండనిద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"మీ అత్తయ్య అక్క కూతురికి ఫోన్ లేదా? బారసాల నాడే వెతికి చూస్తుంది. అందరి ముందూ బయటపడితే నష్టం ఇంకా ఎక్కువ."

"మరి?"

"ఆ లేఖరి చేసినట్టే చేస్తాను."

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ముందు కూతురింటి లెక్క ఒప్పజెప్పాను. పథ్యం అందింది, బాబు బరువు పెరిగాడు, డాక్టరు బాగుందన్నాడు. తర్వాత, పృథ్వీ నాకొక ఫోటో ఇచ్చాడని చెప్పాను. తర్వాత ఫోన్ ఆవిడ ముందు పెట్టి, ఫోటో కింద రాసిన షాఫాను అన్న పేరు చదివాను.

ఆవిడ బట్టలు చింపుకోలేదు. పెరుగు గిన్నె పక్కకు నెట్టింది.

"పందికొక్కా?"

"పోలిక ఉంది."

"పోలికేమిటండీ, దాని మేనత్త కూతురిలా ఉంది! నా మనవడికి పందికొక్కు పేరు పెడతారా? ఆయన నన్ను కుందేలని మభ్యపెట్టాడా?"

"ఆయనకీ తెలియదు."

"మాస్టారికి తెలియకపోవడమేమిటి?" ఉయ్యాల గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇది తిరిగిచ్చేసి రండి. బేరం లేదు."

రాజారావుగారికి ఫోన్ చేశాను. ఆయన వెంటనే కొట్టుకు వచ్చారు. ఫోటో చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ చూశారు.

"నా సర్వీసంతా ఆదివారం బడిలో పిల్లలకి కుందేలు బొమ్మ గీసి చూపించాను బావగారూ. అనువాదం చేసినవాళ్ళు ఈ జంతువుని చూసి ఉండరు. మన దేశంలో లేదు. దగ్గరగా ఉన్న పేరు రాసుకున్నారు." ఫోన్ నా చేతికిచ్చి, "ఇంకోటి కూడా చెప్పాలి. బైబిల్లో తినకూడని జంతువుల్లో దీన్ని రాశారు. అపవిత్రం. అది తెలిసే చెప్పలేదు. మంచి మనిషి పేరు, జంతువు సంగతి ఎందుకులే అనుకున్నాను. చెల్లెమ్మ వద్దంటే నేను పట్టుపట్టను," అన్నారు.

ఆయన మెత్తగా అన్నా నాకు నష్టం కనబడింది. ఈయన వెనక్కి తగ్గి, ఆవిడ పంతం గెలిచి, తన్మయి వేరే పేరు రిజిస్టర్ చేస్తే ముగ్గురూ ఓడినట్టే.

"ఫోటో చూసి సరుకు తిప్పి పంపడం నా పద్ధతి కాదు," అన్నాను. "మండాయ్ జూలో ఇవి ఉన్నాయట. పృథ్వీ చూసి చెప్పాడు. రేపు వెళ్ళి కళ్ళతో చూసి తేల్చుకుందాం."

సరోజిని రానంటుందనుకున్నాను. వచ్చింది. "చూసి, వద్దని ఆయన ముఖం మీదే చెప్తాను," అంటూ టాక్సీలో ముందు సీట్లో కూర్చుంది.

ఆ జంతువులు ఒక రాళ్ళ గుట్ట మీద ఉన్నాయి. అదే గుట్ట మీద పెద్ద కోతులు అరుచుకుంటూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరుగుతున్నాయి. ఇవి మాత్రం ఒక బండ మీద ఒకదానికొకటి ఆనుకుని ఎండలో పడుకున్నాయి. సరోజిని కంచె దాకా వెళ్ళి వంగి చూసింది. మిరపకాయల బస్తా విప్పినప్పుడు నేను చూసినట్టే చూసింది. తొందరపడలేదు.

"తోకేదీ?" అంది.

నేనూ చూశాను. లేదు.

"పందికొక్కుకి తోక ఉంటుంది కదండీ. మన గోదాంలో దాన్ని ఈడ్చుకుంటూ పోయేది."

"ఉంటుంది."

"దీనికి లేదు." ఆవిడ లెక్క రాసుకున్నట్టు తలాడించింది. "ఇది ఏం తింటుంది?"

"ఆకులు, గడ్డి అని రాశారు చెల్లెమ్మా," అన్నారు రాజారావుగారు బోర్డు దగ్గర నిలబడి. "నేనొకటి చెప్పాలి. మా గ్రంథంలో దీన్ని తినకూడదని ఉంది."

"ఎవరూ తినకూడదా?"

"మా ధర్మశాస్త్రంలో అప్పటివాళ్ళకి."

"కోసుకు తినేవాళ్ళు కూడా దీని జోలికి పోలేదన్నమాట." సరోజిని నా వైపు తిరిగింది. "మంచిదేగా?"

మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. రాజారావుగారు ఏ మాట చెప్పడానికి రాత్రంతా జంకారో, అదే ఈవిడ ఖాతాలో జమ పడింది.

"ఇంకేం రాశారు అక్కడ?"

ఆయన బోర్డు మీద వేలు పెట్టి చదివారు. ఒకచోట ఆగారు. "దీనికి దగ్గర చుట్టం ఏనుగట."

"ఏది, మళ్ళీ చదవండి."

"ఏనుగు, చెల్లెమ్మా. పళ్ళూ, పాదాలూ చూసి తేల్చారట."

సరోజిని చేతులు జోడించలేదు గానీ, చేతిలో సంచి భుజానికి తగిలించుకుని నిటారుగా నిలబడింది. ఆవిడ మనసు ఏ దేవుడి దగ్గరికి పోయిందో నాకు తెలుసు. రాజారావుగారికీ తెలుసు. షణ్ముఖ పేరే వద్దన్న మనిషి ఆయన, ఆ షణ్ముఖుడి అన్నగారి దాకా వెళ్ళిన ఆలోచనకి అడ్డం చెప్పచ్చు. కానీ కోతులకేసి చూస్తూ, "అల్లరి ఎక్కువ వీటికి," అన్నారు.

ఇద్దరు మనుషులు ఒకే సరుకుని వేరే వేరే కారణాలకి తీసుకుంటున్నప్పుడు వ్యాపారి కారణాలు అడగడు.

బయటికి వచ్చి టాక్సీ ఎక్కాం. డ్రైవర్ ఎక్కడికని అడిగాడు. నేను సెరంగూన్ అనబోతుంటే సరోజిని ముందే, "పుంగోల్," అంది. బ్లాక్ నంబరూ ఇంటి నంబరూ కూడా చెప్పింది. ఆవిడకి అవి నోటికి వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"అన్నయ్యగారూ," అంది కాసేపటికి, "ఆ రాజు బట్టలు చింపుకున్నాక ఏం చేశాడు?"

రాజారావుగారు దారంతా చెప్పారు. ఆవిడ మధ్యమధ్యలో అడ్డు ప్రశ్నలు వేసింది. ఆ గ్రంథం అంతకాలం ఎవరికీ ఎందుకు కనపడలేదు, ఆలయం ఎవరూ ఊడ్చేవారు కాదా అని అడిగింది.

ఫ్లాట్ తలుపు తీసిన తన్మయి తల్లిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో బాబు ఉన్నాడు.

"అమ్మా?"

"అడ్డం తప్పుకోవే. పేరు ఖాయమైంది, షాఫాను." సరోజిని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. "వాణ్ణి నా దగ్గరికి తేకు ఇప్పుడే. బాత్‌రూం ఎటు? జంతువుల దగ్గరికి వెళ్ళొచ్చాం, ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోనీ."