చక్కని దస్తూరి

కుడుతున్న బట్ట మిషన్ మీదే వదిలేసి, దర్జీపని చేసే ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకు పరిగెత్తుకొచ్చింది. పిల్లకు చదువులో ఎలాంటి సాయం కావాలో నిపుణులు పరీక్షించి తేల్చాలని అర్జీ పెట్టింది. ఈ సాయంత్రం దాటితే మళ్లీ ఏడాదిదాకా తీసుకోరు. బల్ల ముందు కూర్చుందన్నమాటేగాని, ఆమె కాలు మిషన్ తొక్కుతున్నట్టే ఆడుతోంది.

గుమాస్తా పిల్ల నోటుపుస్తకాలు తిరగేసి కళ్లద్దాలు పైకి నెట్టాడు.

"ముత్యాల్లాంటి అక్షరాలమ్మా! మా ఆఫీసులో ఎవరికీ లేదు ఇంత చక్కని దస్తూరి. ఈ పిల్లకి పరీక్ష దేనికి?"

అర్జీ వెనక్కి జరిపాడు. బళ్లో పిల్లను ఎక్కడ వెక్కిరిస్తారోనని, ఇంటి దగ్గర రాసుకు రమ్మన్నదంతా రెండేళ్లుగా తల్లే కూర్చుని రాసిపెడుతోంది.

"ఆ రాత నాదండీ," అంది తల దించుకుని.

"అయితే రెండో తరగతి పాసయ్యింది మీరన్నమాట!"

"ఎంతైనా నవ్వండి బాబూ, పడతాను. అర్జీ మాత్రం తీసుకోండి."

ఆయన నవ్వు ఆపి, పిల్ల ముందు తెల్లకాగితం పెట్టాడు.

"నీ పేరు రాయి తల్లీ."

పిల్ల అమ్మవైపు చూసి, పెన్ను పిడికిట్లో బిగించింది. మొదటి అక్షరం తలకిందులుగా పడింది. రెండోది ఎంతకీ రాలేదు. సాయం పోబోయిన తన కుడిచేతిని తల్లి ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో అదిమేసింది.

గుమాస్తా ఆ కాగితాన్నే అర్జీకి గుచ్చి ముద్ర వేశాడు. ఆమె కాలు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది.